అమెరికా సిటిజన్‌తో పెళ్లయితే సిటిజన్‌షిప్ ఎప్పుడు? మూడేళ్ల లెక్క పెళ్లి రోజు నుంచి కాదు.. చాలామంది పొరబడేది ఇక్కడే!

అమ్మాయికి అమెరికా సంబంధం చేశారు. అల్లుడికి అక్కడి సిటిజన్‌షిప్ ఉంది. పెళ్లై మూడేళ్లు దాటింది. "మరి మా అమ్మాయికి ఎప్పుడొస్తుంది?" గుడివాడ, ఉయ్యూరు, పామర్రు, కంకిపాడు వైపు ఏ ఫంక్షన్‌కి వెళ్లినా వినిపించే ప్రశ్నే ఇది. పక్కన కూర్చున్నవాళ్లు వెంటనే "మూడేళ్లకి వచ్చేస్తుందండీ" అనేస్తారు. ఆ మూడేళ్ల మాట నిజమే. కానీ ఎప్పటి నుంచి మూడేళ్లు? తేడా అంతా ఇక్కడే వస్తోంది. పెళ్లి పత్రికలో ఉన్న తేదీకి ఈ లెక్కతో సంబంధం లేదు. గ్రీన్ కార్డు మీద 'రెసిడెంట్ సిన్స్' అని ఒక తేదీ ఉంటుంది. మీటర్ తిరగడం మొదలయ్యేది ఆ రోజు నుంచే.

తొందరపడి ముందే అప్లై చేస్తే ఫీజు వెనక్కి రాదు, అప్లికేషన్ తిరస్కరిస్తారు. డబ్బు పోతే పోయింది. అంతకంటే పెద్ద చిక్కులు కూడా ఉన్నాయి. పురిటికి పుట్టింటికి వచ్చి ఎనిమిది నెలలు ఉండిపోవడం, టైమ్‌కి పెట్టాల్సిన ఒక ఫారం మర్చిపోవడం, కాపురంలో గొడవ వచ్చి విడిగా ఉండటం.. వీటిలో ఏది జరిగినా లెక్క మారిపోతుంది.

ఒకటి కాదు.. మూడు గడియారాలు

అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో సెక్షన్ 319 ఈ వ్యవహారాన్ని చూస్తుంది. మామూలుగా గ్రీన్ కార్డు వచ్చాక ఐదేళ్లు ఆగాలి. సిటిజన్‌ని పెళ్లి చేసుకుని, ఆ సిటిజన్‌తోనే కాపురం చేస్తున్నవాళ్లకు దాన్ని మూడేళ్లకు తగ్గించారు. అయితే ఈ మూడేళ్లలో మూడు విషయాలు ఒకేసారి నడవాలి. ఒకటి, ఆమె చేతిలో గ్రీన్ కార్డు ఉండాలి. రెండు, భర్త ఆ మూడేళ్లూ సిటిజన్‌గానే ఉండాలి. మూడు, ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం చేస్తుండాలి. మూడింటిలో ఏది ఆఖరున పూర్తయితే అదే అసలు తేదీ. భర్త, భార్య ఎవరైనా రూల్ ఒకటే. మన దగ్గర ఎక్కువగా అమ్మాయిలే ఇలా వెళ్తున్నారు కాబట్టి ఆ ఉదాహరణే చూద్దాం.

గుడివాడ అమ్మాయికి 2022 ఫిబ్రవరిలో పెళ్లయిందనుకుందాం. అల్లుడు డాలస్‌లో ఉంటాడు, అప్పటికే సిటిజన్. పెళ్లయ్యాక అతను వెళ్లి పిటిషన్ వేశాడు. పేపర్లు కదిలి, ఇంటర్వ్యూ అయి, ఇమిగ్రెంట్ వీసా స్టాంపింగ్ పడేసరికి ఏడాదిన్నర గడిచింది. అమ్మాయి 2023 జులై 10న అమెరికాలో దిగింది. గ్రీన్ కార్డు పోస్టులో తర్వాత వచ్చినా, దాని మీద పడే తేదీ మాత్రం దిగిన రోజే. అంటే మూడేళ్లు నిండేది 2026 జులై 10న. పెళ్లి రోజు నుంచి లెక్కపెట్టిన ఇంట్లోవాళ్లు 2025 ఫిబ్రవరిలోనే స్వీట్లు పంచుకోవడానికి రెడీ అయిపోతారు. ఏడాదిన్నర తేడా అన్నమాట.

అమెరికాలో స్టూడెంట్ వీసా మీదో, హెచ్-1బీ మీదో ఉంటూ అక్కడే సిటిజన్‌ని పెళ్లి చేసుకున్నవాళ్లకు గ్రీన్ కార్డు అప్రూవ్ అయిన రోజు నుంచి లెక్క. అంతకుముందు హెచ్-1బీ మీద పదేళ్లు పని చేసినా ఒక్క రోజు కూడా ఇందులో కలవదు. వినడానికి అన్యాయంగా ఉన్నా రూల్ అదే.

90 రోజుల ముందు పెట్టొచ్చు అంటారు.. జాగ్రత్త

గడువుకి 90 రోజుల ముందే అప్లికేషన్ ఇవ్వొచ్చన్న వెసులుబాటు ఒకటుంది. పై ఉదాహరణలో అది 2026 ఏప్రిల్ 11 అవుతుంది. కానీ ఈ 90 రోజులు గ్రీన్ కార్డు గడియారానికే వర్తిస్తాయి. కాపురం మూడేళ్లు, భర్త సిటిజన్‌షిప్ మూడేళ్లు మాత్రం అప్లికేషన్ పెట్టే రోజుకే పూర్తయి ఉండాలని చట్టం చెబుతోంది.

ఇప్పుడు గుడివాడ అమ్మాయి కేసు మళ్లీ చూడండి. పెళ్లయ్యాక ఏడాదిన్నర ఆమె ఇక్కడ, అతను అక్కడ. ఒకే ఇంట్లో ఉండటం మొదలైంది 2023 జులైలో. అలాంటప్పుడు ఏప్రిల్‌లో పెట్టేస్తే కాపురం లెక్క మూడు నెలలు తక్కువ పడుతుంది. మూడు నెలలు కలిసొస్తాయని ఆశపడటం కంటే పూర్తి మూడేళ్లు అయ్యాక పెట్టడమే ఇలాంటివాళ్లకు సేఫ్. పెళ్లయి చాలాకాలం అక్కడే కలిసి ఉండి, గ్రీన్ కార్డు ఆలస్యంగా వచ్చినవాళ్లకు మాత్రం 90 రోజుల రూల్ హాయిగా పనికొస్తుంది.

అల్లుడు సిటిజన్ అయ్యింది ఎప్పుడు?

సంబంధం మాట్లాడేటప్పుడు అల్లుడికి 'సిటిజన్‌షిప్ వచ్చేసింది' అని చెబుతారు తప్ప ఎప్పుడొచ్చిందో ఎవరూ అడగరు. అడగాల్సింది అదే. భర్త ప్రమాణం చేసి మూడేళ్లు కాకపోతే భార్యకు మూడేళ్ల దారి తెరుచుకోదు.

భార్యకు 2022 జనవరిలో గ్రీన్ కార్డు వచ్చిందనుకుందాం. భర్త 2025 మార్చిలో సిటిజన్ అయ్యాడు. అదే రోజు ఆమెకి మూడేళ్లు దాటిపోయాయి కదా అనుకుంటే తప్పు. భర్త సిటిజన్‌షిప్ నుంచి మూడేళ్లు అంటే 2028 మార్చి. కానీ మామూలు ఐదేళ్ల దారిలో ఆమెకు 2027 జనవరికే అర్హత వస్తుంది. 90 రోజుల ముందు అంటే 2026 అక్టోబర్‌లోనే పెట్టొచ్చు. భర్తతో పని లేకుండా సొంతంగానే ముందు వచ్చేస్తుందన్నమాట. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగం ద్వారా ఒకే రోజు గ్రీన్ కార్డులు వచ్చిన కుటుంబాలకు కూడా ఇంతే. వాళ్లకు మూడేళ్ల రూల్ పెద్దగా కలిసొచ్చేది ఏమీ లేదు.

అసలు తల్లిదండ్రులు ఇంత ఆత్రంగా ఎందుకు అడుగుతారు అంటే దానికీ కారణం ఉంది. గ్రీన్ కార్డు ఉన్న కూతురు అమ్మానాన్నలకు పిటిషన్ వేయలేదు. సిటిజన్ అయ్యి, 21 ఏళ్లు నిండి ఉంటేనే వేయగలదు. అప్పుడు కోటా క్యూ కూడా ఉండదు. తమ్ముడికీ వేయొచ్చు కానీ ఆ లైన్ ఇండియా వాళ్లకు 15 ఏళ్లకు పైనే.

పురిటికి పుట్టింటికి.. ఇక్కడే లెక్క తెగేది

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది డెల్టాలో ఇప్పటికీ గట్టిగా ఉన్న మాట. ఐదో నెలలో విమానం ఎక్కితే సీమంతం, కాన్పు, బారసాల, బిడ్డ పాస్‌పోర్టు.. అన్నీ అయ్యేసరికి ఎనిమిది, తొమ్మిది నెలలు ఇట్టే గడిచిపోతాయి. నాన్నకు ఆపరేషన్ అంటే ఇంకో రెండు నెలలు. ప్రేమగా ఉన్న ఆ నెలలే తర్వాత ఇంటర్వ్యూలో ప్రశ్నలవుతాయి.

రూల్ ఇలా ఉంది. అప్లికేషన్ ముందు మూడేళ్లలో కనీసం 18 నెలలు, అంటే 548 రోజులు అమెరికా గడ్డ మీద ఉండి ఉండాలి. ఇది ఒక లెక్క. దీనికి తోడు, ఏ ఒక్క ప్రయాణమూ ఆరు నెలలు దాటకూడదు. దాటితే నివాసం తెగిపోయిందనే అధికారులు మొదట భావిస్తారు. అక్కడ ఇల్లు, ఉద్యోగం, భర్త, ట్యాక్స్ రిటర్న్స్ అన్నీ కొనసాగాయని కాగితాలతో చూపించి ఒప్పించుకోవాల్సిన బాధ్యత ఆమెదే. ఏడాది దాటిందా.. ఇక ఒప్పించడం ఉండదు. నివాసం తెగినట్టే. ఈ దారిలో తిరిగి వెళ్లాక రెండేళ్ల ఒక రోజు ఆగి మళ్లీ పెట్టుకోవాలి.

"రీ ఎంట్రీ పర్మిట్ తీసుకున్నాం కదా, ఏం పర్లేదు" అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ పర్మిట్ గ్రీన్ కార్డుతో తిరిగి లోపలికి వెళ్లడానికి ఉపయోగపడుతుంది. సిటిజన్‌షిప్ కోసం లెక్కపెట్టే నివాసాన్ని అది కాపాడదు. రెండూ వేర్వేరు. కాన్పుకి వచ్చేవాళ్లు ఆరు నెలల లోపు ఒకసారి తిరిగి వెళ్లగలరా అన్నది టికెట్ బుక్ చేసేటప్పుడే చూసుకోవడం మంచిది. పసిబిడ్డతో అదేమంత తేలిక కాదు, నిజమే. అందుకే ఈ మధ్య చాలా ఇళ్లలో అమ్మే విజిటర్ వీసా మీద అక్కడికి వెళ్తోంది.

రోజుల లెక్క తేడా వస్తే ఎంత దూరం వెళ్తుందో తెలుగువాళ్లకు తెలిసిన కేసు ఒకటుంది. అది పెళ్లి కేసు కాదు, అమెరికాదీ కాదు. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేష్ జర్మనీ పౌరసత్వం తీసుకుని, 2009లో తిరిగి భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇండియాలోనే ఉండాలన్నది నిబంధన. ఆ సమయంలో చేసిన విదేశీ ప్రయాణాలను దాచారంటూ కేంద్ర హోంశాఖ ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసులో 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, 30 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది.

రెండేళ్ల కార్డు.. ఆ సంతకం భయం

గ్రీన్ కార్డు వచ్చే రోజుకి పెళ్లై రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల కండిషనల్ కార్డు. మన దగ్గర నుంచి పెళ్లి చేసుకుని వెళ్లే అమ్మాయిల్లో చాలామంది చేతికి వచ్చేది ఇదే. ఈ రెండేళ్లు కూడా మూడేళ్ల లెక్కలో కలుస్తాయి, ఆ భయం అక్కర్లేదు. కానీ కార్డు గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 అనే ఫారం పెట్టి కండిషన్ తీయించుకోవాలి. గుడివాడ అమ్మాయి అయితే 2025 ఏప్రిల్ 11 నుంచి జులై 10 లోపు. దీన్ని వదిలేస్తే గ్రీన్ కార్డు హోదాకే ఎసరు. ఇక సిటిజన్‌షిప్ మాట ఎక్కడిది?

ఈ ఫారంలో భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలి. కాపురం బాగుంటే అది ఒక కాగితమే. బాగోకపోతే ఆ సంతకమే ఆయుధం అవుతుంది. "నేను సంతకం పెట్టకపోతే ఇండియా వెళ్లిపోవాల్సిందే" అన్న బెదిరింపుకి భయపడి దెబ్బలు తింటూ ఉండిపోయేవాళ్లు ఉంటారు. ఇక్కడ అమ్మానాన్నలు కూడా "ఇంకొన్నాళ్లు సర్దుకుపో అమ్మా, సిటిజన్‌షిప్ వచ్చేదాకా" అంటారు. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, భర్త సంతకం లేకుండా ఆమె ఒక్కతే ఐ-751 వేసే వీలు చట్టంలోనే ఉంది. నిజమైన పెళ్లే అయి విడాకులు అయిపోయినా, భర్త కొట్టినా, క్రూరంగా హింసించినా మినహాయింపు కోరవచ్చు. దీనికి ఆ 90 రోజుల గడువుతో కూడా పని లేదు.

అంతేకాదు. సిటిజన్ అయిన భర్త హింస కారణంగా ఆ ప్రత్యేక నిబంధన కింద గ్రీన్ కార్డు హోదా పొందిన మహిళకు మూడేళ్ల దారి అలాగే ఉంటుంది. అతనితో కలిసి కాపురం చేయాలన్న షరతు ఆమెకు వర్తించదు. అంటే సిటిజన్‌షిప్ కోసం దెబ్బలు భరించాల్సిన అవసరం ఆ చట్టం ప్రకారమే లేదు. పోలీస్ రిపోర్టు, ఆస్పత్రి కాగితాలు, మెసేజ్‌లు భద్రంగా ఉంచుకుని అక్కడి ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాలి. ఇక్కడి నుంచి తల్లిదండ్రులు ఫిర్యాదు చేయాలంటే జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై పెళ్లిళ్ల కోసమే ప్రత్యేక విభాగం ఉంది.

హింస లేకుండా మామూలుగా విడిపోతే? అప్పుడు మూడేళ్ల దారి మూసుకుపోతుంది. విడాకులు కాకపోయినా, విడిగా ఉంటున్నా అంతే. అప్లికేషన్ పెట్టాక, ప్రమాణానికి ముందు విడాకులు వచ్చినా ఈ దారిలో కుదరదు. గ్రీన్ కార్డు మాత్రం ఎక్కడికీ పోదు, ఐదేళ్లు నిండాక సొంతంగా అప్లై చేసుకోవచ్చు. ప్రమాణం చేసేలోపు సిటిజన్ భర్త చనిపోయినా ఇదే రూల్ అని తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. ఆమెకూ ఐదేళ్ల దారే మిగులుతుంది.

ఫీజు, టెస్టు

సిటిజన్‌షిప్ ఫారం పేరు ఎన్-400. ఆన్‌లైన్‌లో అయితే 710 డాలర్లు, కాగితం మీద అయితే 760. 2024 ఏప్రిల్ నుంచి ఇదే ఫీజు. పెళ్లి సర్టిఫికెట్ తప్పనిసరి కాబట్టి ఇక్కడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించుకున్న కాగితం దగ్గర ఉండాలి. కళ్యాణ మండపం రసీదు, శుభలేఖ ఆల్బమ్‌లో పెట్టుకోవడానికే. కాపురానికి రుజువుగా ఇద్దరి పేర్ల మీద ఇంటి అగ్రిమెంట్, జాయింట్ అకౌంట్, కలిపి వేసిన ట్యాక్స్ రిటర్న్స్ అడుగుతారు.

పరీక్ష కూడా కొంచెం ముదిరింది. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్లకు అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద 128 ప్రశ్నల జాబితా ఇస్తున్నారు. ఇంటర్వ్యూలో 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెబితే పాస్. అంతకుముందు 100 ప్రశ్నల జాబితాలో 10 అడిగేవారు, 6 చెబితే సరిపోయేది. ఇంగ్లిష్ చదవడం, రాయడం, మాట్లాడటం కూడా చూస్తారు.

ఇంకో చిన్న మాట. డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేటప్పుడు ఓటరుగా నమోదు చేసుకుంటారా అని ఒక గడి ఉంటుంది. గ్రీన్ కార్డు వాళ్లు పొరపాటున దాని మీద టిక్ పెట్టి ఓటర్ లిస్టులోకి ఎక్కితే తర్వాత పెద్ద తలనొప్పి అవుతుంది.

బ్రిటన్, కెనడా సంగతేంటి అంటే, బ్రిటన్‌లోనూ సిటిజన్ భార్యకు మూడేళ్ల నివాసమే రూల్. కానీ అప్లై చేసే రోజుకి శాశ్వత నివాస హోదా ఉండాలి. స్పౌస్ వీసా మీద వెళ్లినవాళ్లకు అది రావడానికే ఐదేళ్లు పడుతుంది. కెనడాలో సిటిజన్‌ని పెళ్లి చేసుకున్నా ప్రత్యేక రాయితీ లేదు. అందరిలాగే ఐదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉండాలి.

పసుపు కుంకుమ పొలం ఏమవుతుంది?

అమెరికా ప్రమాణం చేసిన రోజే భారత పౌరసత్వం పోతుంది. మన చట్టంలో రెండు పౌరసత్వాలకు చోటు లేదు. ఇండియా పాస్‌పోర్టు సరెండర్ చేసి, ఓసీఐ కార్డు తీసుకోవాలి. దాంతో ఎన్నిసార్లైనా రావొచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు. ఓటు మాత్రం ఉండదు.

డెల్టా కుటుంబాల అసలు బెంగ పొలం గురించి. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద అమ్మాయి పేరు మీద రాసిన ఎకరమో, రెండెకరాలో ఉంటుంది. ఇండియాలో ఉండగా ఆమె పేరు మీదకి వచ్చిన పొలం సిటిజన్ అయినంత మాత్రాన పోదు, ఆమెదే. తల్లిదండ్రుల తర్వాత వారసత్వంగా వచ్చే పొలమూ తీసుకోవచ్చు. కుదరనిది ఏంటంటే, విదేశాల్లో స్థిరపడ్డాక కొత్తగా వ్యవసాయ భూమి కొనడం, గిఫ్ట్ డీడ్ రాయించుకోవడం. ఇది సిటిజన్ అయ్యాకే కాదు, గ్రీన్ కార్డు మీద ఎన్నారైగా ఉన్నప్పుడు కూడా వర్తిస్తుంది. "సిటిజన్ అవ్వకముందే రాసేద్దాం" అని కూతురు సెలవులకు వచ్చినప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసుకి పరిగెత్తేవాళ్లు ఈ పాయింట్ చూసుకోవాలి. ఫ్లాట్లు, ఇళ్ల విషయంలో ఈ అడ్డంకి లేదు. ఉన్న పొలం అమ్మాలంటే ఇండియాలో ఉంటున్న భారతీయుడికే అమ్మాలి.

రివర్స్‌లో.. విదేశీ కోడలు విజయవాడ వస్తే?

అబ్బాయి విదేశీ అమ్మాయిని పెళ్లి చేసుకుని విజయవాడలోనే కాపురం పెడితే, ఆమెకు మన పౌరసత్వం ఎప్పుడు? 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 5 ప్రకారం ఏడేళ్లు. దీన్ని నాచురలైజేషన్ అనరు, రిజిస్ట్రేషన్ అంటారు. ఇక్కడా లెక్క పెళ్లి నుంచి కాదు, నివాసం నుంచే. దరఖాస్తుకి ముందు 12 నెలలు పూర్తిగా ఇండియాలో ఉండాలి. దానికి ముందు ఎనిమిదేళ్లలో కలిపి ఆరేళ్లు ఉండి ఉండాలి. పెళ్లి బంధం లేని విదేశీయులకైతే ఇదే 12 నెలలకు తోడు, అంతకుముందు 14 ఏళ్లలో 11 ఏళ్లు కావాలి.

ఏడేళ్లు ఆగలేనివాళ్లకు ఓసీఐ ఉంది. పెళ్లి రిజిస్టర్ అయి, రెండేళ్లు నిండితే విదేశీ భార్య లేదా భర్త అప్లై చేసుకోవచ్చు. వీసా పొడిగింపుల బాధ తప్పుతుంది. దేశంలో అందరికీ తెలిసిన విదేశీ కోడలు సోనియా గాంధీ. 1968లో పెళ్లయితే పౌరసత్వం తీసుకుంది 1983లో.

ఈ దరఖాస్తు కేంద్ర హోంశాఖ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా నింపాలి. తర్వాత కాగితాలు జిల్లా కలెక్టర్ ఆఫీసులో ఇవ్వాలి. విజయవాడ వాళ్లకు అది ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్, మచిలీపట్నం, గుడివాడ వాళ్లకు కృష్ణా జిల్లా కలెక్టరేట్. అక్కడి నుంచి విచారణ, రాష్ట్ర ప్రభుత్వం, ఆఖరున ఢిల్లీ. వీసా గడువు దాటి ఉంటున్నవాళ్లను అక్రమ వలసదారులుగా చూస్తారు, వాళ్లకు ఈ దారి ఉండదు. కాబట్టి ఏడేళ్లలో ఏ వీసా పొడిగింపూ మిస్ కాకుండా పాత పాస్‌పోర్టులు, రెసిడెన్షియల్ పర్మిట్లు అన్నీ దాచుకోవాలి.